తెల్ల పొగ వస్తే: హెడ్ దించే ముందు చూడవలసినవి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో చదువు గురించి, వైద్యం గురించి, ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించి పెద్దలు మాట్లాడటం మనకు అలవాటు. కారు పొగ గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచారని విని కొందరు నవ్వుకుని ఉండవచ్చు. కానీ మన సభ్యుల ఇండ్లను ఒక్కసారి తలచుకోండి. డ్రైవర్లు, మెకానిక్కులు, టింకరింగు, పెయింటింగు, లేతు పని, సీటు కవర్ల పని చేసేవారు మనలో ఎందరో ఉన్నారు. అప్పు మీద టాక్సీ కొని నెలనెలా వాయిదా కట్టుకునే కుటుంబాలూ ఉన్నాయి. అటువంటి ఇంట్లో బండి ఇంజన్ పనికి వచ్చిందంటే వాయిదా, పిల్లల ఫీజు, ఇంటి అద్దె మూడూ ఒకేసారి ఆగిపోతాయి. కనుక ఇది కూడా సంక్షేమం మాటే.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. పొగ రంగు తెల్లగానే ఉంటుంది గాని దానిని తెల్లగా చేసే ద్రవాలు వేరువేరు. మామూలు నీటి ఆవిరి కావచ్చు, కూలెంట్ కావచ్చు, కాలని డీజిల్ కావచ్చు, బ్రేక్ ఆయిల్ కూడా కావచ్చు. ఏ ద్రవం బయటికి వస్తున్నదో తేలకుండా ఇంజన్ మీద పానా పెట్టరాదు. "తెల్ల పొగా? హెడ్ పోయింది భాయ్, దించేద్దాం" అనే మాట షెడ్లలో తరచు వినబడుతుంది. కొన్నిసార్లు అది నిజమే. నిజం కానప్పుడు మాత్రం ఒక చిన్న గొట్టంతోనో, ఒక హీటర్ ప్లగ్గుతోనో పోయేదానికి పేదవాడు ఇంజన్ పని ఖర్చు పెట్టుకుంటున్నాడు. ఆ ఖర్చును ఆపటమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఆవిరి వేరు, పొగ వేరు

ముందుగా భయపడనవసరం లేని తెల్లదనం గురించి చెబుతాము. పెట్రోలు కాలితే నీరు పుడుతుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలితే దాదాపు ఒక లీటరు నీరు తయారవుతుంది. బండి వేడెక్కిన తరువాత అది కంటికి కనబడని ఆవిరిగా వెళ్ళిపోతుంది. తెల్లవారుజామున, చలికాలంలో, సైలెన్సర్ చల్లగా ఉన్నప్పుడు అదే ఆవిరి మంచు ముక్కలా తెల్లగా కనబడుతుంది. సైలెన్సర్ చివర నుండి నీటి చుక్కలు కూడా పడతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి, అరకు వైపు బాడుగకు వెళ్ళినవారికి ఇది అనుభవమే. మన నోటి నుండి వచ్చే ఊపిరి అక్కడ తెల్లగా కనబడినట్లే ఇదీను.

దీనిని గుర్తుపట్టటం తేలిక. ఈ ఆవిరి సైలెన్సర్ నుండి రెండు మూడు అడుగులు దాటగానే గాలిలో కలిసి మాయమవుతుంది. దానికి వాసన ఉండదు. బండి పది, పదిహేను నిమిషాలు నడిచి వేడెక్కితే ఆగిపోతుంది. ఈ మూడూ సరిపోతే బండికి ఏమీ కాలేదు, నిశ్చింతగా పనికి వెళ్ళవచ్చు.

అలా కాక, ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత కూడా దట్టంగా వస్తూ, బండి వెనుక చాలాసేపు గాలిలో తేలుతూ ఉంటే అది ఆలోచించవలసిన పొగ. అప్పుడు ముక్కుకు పని చెప్పాలి. కొంచెం తీపి వాసన వస్తే కూలెంట్ మీద అనుమానం. కళ్ళు మండించే ఘాటైన డీజిల్ వాసన వస్తే కాలని డీజిల్. నూనె మాడిన వాసన, కొద్దిగా నీలిరంగు కలిస్తే ఇంజన్ ఆయిల్. సైలెన్సర్‌కు ఒక అడుగు దూరంలో తెల్ల కాగితం ఒక నిమిషం పట్టుకుని చూడండి. నీరయితే కాగితం తడిసి ఆరిపోతుంది. ఆయిల్ అయితే జిడ్డు మరక మిగులుతుంది. గొట్టానికి ముఖం దగ్గరగా పెట్టి మాత్రం పీల్చవద్దు. పక్కన నిలబడి, చేత్తో గాలిని ముక్కు వైపు విసురుకుంటే చాలు. తలుపులు మూసిన షెడ్డులో బండి స్టార్టు చేసి ఈ పరీక్ష ఎన్నడూ చేయరాదు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని కూర్చున్నచోటనే చంపగలదు.

కూలెంట్ పొగలోకి ఎలా వస్తుంది?

ఇంజన్ లోపల మంట పుట్టే సిలిండర్లున్నాయి. వాటి చుట్టూ వేడిని లాక్కుపోయే నీటి దారులున్నాయి. ఆయిల్ తిరిగే దారులు వేరే ఉన్నాయి. ఇంజన్ బ్లాకుకు, దాని మీద కూర్చునే హెడ్డుకు మధ్య ఒక పల్చని రేకు ఉంటుంది. అదే హెడ్ గ్యాస్కెట్. మంటను, నీటిని, ఆయిల్‌ను ఒకదానితో ఒకటి కలవకుండా ఆపుతున్నది ఆ రేకే. అది ఒకచోట కాలినా, హెడ్ వంగినా, హెడ్డుకు పగులు వచ్చినా కూలెంట్ సిలిండర్‌లోకి కారి, మంటకు ఆవిరై, సైలెన్సర్ గుండా తెల్లగా వస్తుంది.

గ్యాస్కెట్ దానంతటది ఊరకే పోవటం తక్కువ. చాలావరకు బండి ఒకసారి బాగా హీటెక్కిన తరువాతే పోతుంది. పాత అంబాసిడర్ కారుకు హెడ్డు, బ్లాకు రెండూ పోత ఇనుమువే. 1983 చివరలో మారుతి 800 వచ్చిన తరువాత అల్యూమినియం హెడ్డు మన షెడ్లలో మామూలయింది. ఇనుము కంటే అల్యూమినియం వేడికి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కనుక నేటి బండ్లు హీటెక్కితే హెడ్ వంగటం తొందరగా జరుగుతుంది. ముల్లు ఎర్రగీత దాటినా "ఇంకో ఐదు కిలోమీటర్లే కదా" అని నడిపినవారు ఆ ఐదు కిలోమీటర్లకు ఒక ఇంజన్ పని ఖరీదు చెల్లిస్తున్నారు.

ఇంటి దగ్గరే చేసుకోగల పరీక్షలు

ఇవి ఓనరుగాని, డ్రైవరుగాని ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. రాత్రంతా నిలిపి ఉంచిన బండి మీద, తెల్లవారి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయటం ప్రాణాపాయం. వంటింటి ప్రెషర్ కుక్కర్ సంగతి మన సోదరీమణులకు చెప్పనక్కరలేదు. ఆవిరి పోకముందే మూత తీస్తే ఏమవుతుందో వారికి తెలుసు. రేడియేటర్ కూడా అటువంటిదే. మూత బిగించి ఉన్నప్పుడు లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీసిన క్షణంలో ఒక్కసారిగా ఉబికి ముఖాన పడుతుంది.

మొదటి పరీక్ష: కూలెంట్ డబ్బా మీద నీటిమట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. మూడు రోజులు, ప్రతి ఉదయం అదే సమయానికి చూడండి. అది మూసి ఉన్న ఏర్పాటు, రోజురోజుకు తగ్గకూడదు. తగ్గుతూ ఉంటే ముందు బండి కింద తడి ఉందేమో, పైపుల దగ్గర, వాటర్ పంపు దగ్గర, రేడియేటర్ దగ్గర కారుతున్నదేమో చూడాలి. బయట ఎక్కడా కారకుండా తగ్గుతున్నదంటే లోపలికే పోతున్నదని అనుమానించాలి.

రెండవ పరీక్ష: డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీలా మారినా, మట్టం దానంతటది పెరిగినా ఆయిల్‌లో నీరు చేరినట్లే. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆయిల్ పోసే మూత కింద కొంచెం మీగడలాంటిది కనబడగానే గ్యాస్కెట్ పోయిందని తీర్పు చెప్పరాదు. రోజూ మసీదుకు, బజారుకు ఒకటి రెండు కిలోమీటర్లు మాత్రమే నడిచే బండిలో, చలికాలంలో, ఇంజన్ పూర్తిగా వేడెక్కక మూత కింద అలా పేరుతుంది. ఒకసారి ఎక్కువ దూరం నడిపితే అది పోతుంది.

మూడవ పరీక్ష: చల్లని ఇంజన్ స్టార్టు చేసి, రెండు నిమిషాల లోపల పైన ఉండే లావుపాటి రేడియేటర్ పైపును చేత్తో నొక్కి చూడండి. తిరిగే ఫ్యానుకు, బెల్టుకు చెయ్యి దూరంగా ఉండాలి. ఇంకా చల్లగా ఉన్న పైపు అప్పుడే రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాసు నీటిలోకి తోస్తున్నదన్నమాట. చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్టు చేయించి చూస్తే ఆగకుండా బుడగలు వస్తాయి. మొదట ఒకటి రెండు బుడగలు రావటం గాలి వల్ల కావచ్చు. ఆగకుండా వస్తేనే లెక్క.

నాలుగవది, పెట్రోలు బండి అయితే ఉదయం స్టార్టు చేయగానే ఒక నిమిషం సేపు ఒక సిలిండర్ కొట్టనట్టు వణికి, తరువాత సర్దుకుంటుందేమో గమనించాలి. రాత్రి ఆ సిలిండర్‌లోకి నీరు కారిందని అనుమానించవలసిన గుర్తు ఇది.

షెడ్డులో చేయవలసిన పరీక్షలు

పై గుర్తుల్లో ఒక్కటి చూసి హెడ్ దించవద్దు. కనీసం రెండు మూడు ఒకే దిక్కు చూపాలి. ఆ మీదట షెడ్డులో చేసే పరీక్షలు ఇవి.

స్పార్క్ ప్లగ్గులు వరుస తప్పకుండా తీసి పెట్టుకుని చూడాలి. మూడు ప్లగ్గులు గోధుమ రంగులో ఉండి ఒకటి మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంటే నీరు ఆ సిలిండర్‌లోకే వస్తున్నది. తరువాత కంప్రెషన్ గేజ్ పెట్టాలి. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలో కంప్రెషన్ తగ్గితే వాటి మధ్య గ్యాస్కెట్ కాలి ఉండవచ్చు.

కూలింగు ప్రెషర్ టెస్టర్ అని చేతి పంపు ఒకటి ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉండగా దానిని రేడియేటర్ మూత స్థానంలో బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు పంపు కొట్టి, పావుగంట, అరగంట వదలాలి. ముల్లు పడిపోతూ, బయట ఎక్కడా చుక్క కారకపోతే ప్లగ్గులు తీసి సిలిండర్లలోకి లైటు వేసి చూడాలి. మరొకటి రసాయన పరీక్ష. నీలిరంగు ద్రవం ఉన్న గాజు గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద పెట్టి అక్కడి గాలిని దాని గుండా లాగుతారు. సిలిండర్ గ్యాసు కలిసి ఉంటే ఆ నీలిరంగు పసుపుగా మారుతుంది. ఈ పనిముట్లు ఖరీదులో ఒక ఇంజన్ పనితో పోలిస్తే చాలా చిన్నవి.

డీజిల్ బండి పొగ

డీజిల్ బండిలో లెక్క మారుతుంది. అక్కడ ప్లగ్గు నిప్పురవ్వ ఉండదు. గాలిని బలంగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఆ వేడి చాలకపోతే డీజిల్ కాలకుండా, సన్నని తుంపరగా, తెల్ల పొగలా బయటికి వస్తుంది. కళ్ళు మండుతాయి.

ఉదయం స్టార్టింగులో వచ్చి, బండి వణికి, ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటే ముందుగా హీటర్ ప్లగ్గులు చూడాలి. వైరు తీసి మీటరుతో కొలిస్తే మంచి ప్లగ్గు సాధారణంగా ఒకటి రెండు ఓముల లోపు చూపుతుంది. అసలు దారే లేదని మీటరు చూపితే ఆ ప్లగ్గు కాలిపోయినట్లే. ప్లగ్గులన్నీ బాగుంటే వాటికి కరెంటు వచ్చే రిలే, ఫ్యూజు చూడాలి. ఇంత చిన్న పనికి హెడ్ దించటం ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి.

బండి వేడెక్కిన తరువాత కూడా తెల్ల పొగ ఆగకపోతే నాజిల్ సరిగా చిమ్మక కారుతున్నదేమో, టైమింగు వెనకబడిందేమో, కంప్రెషన్ తగ్గిందేమో వరుసగా చూడాలి. ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. చాలా డీజిల్ బండ్లలో పొగలో కొంత భాగాన్ని చల్లబరచి మళ్ళీ ఇంజన్‌లోకి పంపే ఈ.జి.ఆర్. కూలర్ ఉంటుంది. దాని లోపల కూడా కూలెంట్ తిరుగుతుంది. అది చిల్లుపడినా కూలెంట్ తగ్గుతుంది, తెల్ల పొగ వస్తుంది, వాసన కూడా తీపిగానే ఉంటుంది. అచ్చం గ్యాస్కెట్ పోయినట్టే కనబడుతుంది. ముందు కూలర్‌ను విడిగా తీసి ప్రెషర్ పెట్టి చూడకుండా హెడ్ దించితే, కొత్త గ్యాస్కెట్ వేసిన మర్నాడు కూడా అదే పొగ వస్తుంది.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.6 ప్రమాణం వల్ల కొత్త డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటున్నది. నిండినప్పుడు ఆ ఫిల్టరు తనలోని మసిని సుమారు 600 డిగ్రీల వేడిలో తానే కాల్చుకుంటుంది. అప్పుడు కొద్దిసేపు వేడి ఆవిరి, ఘాటు వాసన రావచ్చు. అది రోగం కాదు. అయితే ఆ సమయంలో ఎండుగడ్డి, వరిగడ్డి మీద బండి ఆపరాదు. పల్లెల్లో రోడ్ల మీద గడ్డి పరచే రోజుల్లో ఇది ముఖ్యం.

మరచిపోయే రెండు కారణాలు

ఒకటి బ్రేక్ ఆయిల్. మాస్టర్ సిలిండర్ వెనుక సీలు పోతే బ్రేక్ ఆయిల్ పక్కనున్న బూస్టర్‌లోకి చేరుతుంది. పెట్రోలు బండిలో ఇంజన్ తన పీల్పుతో అక్కడి నుండి దానిని లాక్కుని కాల్చి తెల్ల పొగగా వదులుతుంది. చక్రాల దగ్గర కారకుండా బ్రేక్ ఆయిల్ తగ్గుతుంటే బూస్టర్ పైపు తీసి లోపల తడి ఉందేమో చూడండి. తడి ఉంటే ఆ బండిని అడుగు కూడా నడపకండి. ఇక్కడ ఇంజన్ సంగతి అటుంచి, బండిలో ఉన్నవారి ప్రాణం సంగతి చూడాలి.

రెండవది టర్బో. దాని సీలు అరిగితే ఇంజన్ ఆయిల్ కారి నీలి తెలుపు పొగ వస్తుంది. టర్బో గొట్టం తీస్తే లోపల ఆయిల్ మడుగు, పట్టుకుంటే ఇరుసు ఆట కనబడతాయి.

గ్యాస్కెట్ పోయిందని తేలితే

అప్పుడు బండి నడపవద్దు. నీరు నొక్కితే నొక్కుడుపడే పదార్థం కాదు. సిలిండర్‌లో నీరు నిండి ఉండగా స్టార్టరు తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగవచ్చు. ఆయిల్‌లో నీరు కలిస్తే బేరింగులు పోతాయి. గ్యాస్కెట్ పనితో పోయేది మొత్తం ఇంజన్ పని అవుతుంది. దారిలో హీటెక్కితే పక్కకు తీసి, ఇంజన్ ఆపి, పూర్తిగా చల్లారేదాకా ఆగండి. వేడి ఇంజన్ మీద, రేడియేటర్‌లో చన్నీళ్ళు కుమ్మరించవద్దు. అలా చేస్తే హెడ్డు పగలవచ్చు.

రేడియేటర్‌లో పసుపు పోయటం, చిల్లు మూసే మందు పోయటం మనలో పాత అలవాటు. అది చిన్న రేడియేటర్ చిల్లుకు ఆ రోజు ఇల్లు చేరటానికి పనికివస్తే రావచ్చు. గ్యాస్కెట్‌కు అది వైద్యం కాదు. సన్నని నీటి దారులు మూసుకుపోయి బండి మరింత హీటెక్కుతుంది. అలాగే "మన ఎండలకు ఇదెందుకు" అని థర్మోస్టాట్ తీసి పారేయటం కూడా తప్పే. ఇంజన్ సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో నీరు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి ఇంకా హీటెక్కుతుంది.

మరమ్మతు సరిగా చేయటం

మన మెకానిక్ సోదరులకు తెలిసినవే అయినా, పనిలో ఉన్న కుర్రవాళ్ళ కోసం వరుసగా చెబుతాము.

హెడ్ బోల్టులు ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాతే, చివరల నుండి మధ్యకు, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. హెడ్ దించాక నిటారు బద్దను నిలువుగా, అడ్డంగా, మూలల మీదుగా పెట్టి కింద ఫిల్లర్ గేజ్ దూర్చి చూడాలి. చాలా కార్లకు 0.05 నుండి 0.10 మిల్లీమీటర్ల వంపు దాటితే ఒప్పుకోరు. మన తలవెంట్రుక మందం ఇంచుమించు అంతే ఉంటుంది. కనుక కంటితో చూసి "బాగానే ఉంది" అనటం కుదరదు. వంగితే ఫేసింగు చేయించాలి, కంపెనీ చెప్పిన హద్దు దాటి కోయించరాదు. హెడ్డుకు పగులు లేదని ప్రెషర్ పెట్టించి నిర్ధారించుకోవాలి. పగిలిన హెడ్డు మీద కొత్త గ్యాస్కెట్ వేయటం డబ్బు నీళ్ళలో పోసినట్లే.

బ్లాకు పైభాగం గీతలు పడకుండా శుభ్రం చేయాలి. బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీరు మిగలకూడదు. మిగిలితే బోల్టు బిగించినప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకే పగలవచ్చు. ఒకసారి సాగే రకం బోల్టులయితే కొత్తవే వేయాలి. బిగింపు మధ్య నుండి చివరలకు, కంపెనీ ఇచ్చిన వరుసలో, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచితోనే చేయాలి. "మా చేతికి తెలుసు" అనే మాట ఇక్కడ చెల్లదు.

తరువాత ఇంజన్ ఆయిలు, ఫిల్టరు మార్చాలి. కూలెంట్‌ను బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కంపెనీ చెప్పిన పాళ్ళలో కలిపి పోయాలి, సాధారణంగా సగం సగం. లోపల గాలి లేకుండా తీసి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా బండిని దగ్గరుండి చూడాలి. సైలెన్సర్‌లో మిగిలిన నీరు పోయేదాకా ఇంకా కొంత తెల్లగా వస్తుంది. దానికి కంగారుపడవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: బండి అసలు ఎందుకు హీటెక్కింది? ఫ్యాను తిరగలేదా? థర్మోస్టాట్ మూసుకుని ఉండిపోయిందా? వాటర్ పంపు పోయిందా? మూత ఒత్తిడి నిలపటం లేదా? రేడియేటర్ పూడిపోయిందా? దీనికి జవాబు దొరకకుండా బండి ఇచ్చేస్తే కొత్త గ్యాస్కెట్ కూడా పాతదాని దారినే పోతుంది. మన ప్రాంతంలో దీనికి తరచు కనబడే కారణం బోరు నీళ్ళు. టీ కాచే గిన్నె అడుగున, వేణ్ణీళ్ళ హీటరు మీద తెల్లగా పేరుకునే సున్నం మన ఇండ్లలో అందరూ చూసినదే. అదే సున్నం రేడియేటర్ సన్నగొట్టాల్లో కూడా పేరుతుంది. పంపు దగ్గర బాటిలు నింపి రేడియేటర్‌లో పోసే అలవాటు మానితే ఎన్నో గ్యాస్కెట్లు బతుకుతాయి.

ఇంట్లోవారికి ఒక హెచ్చరిక

కూలెంట్‌లో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది తీపి విషం. మూత్రపిండాలను పాడుచేసి ప్రాణం తీయగలదు. తీసిన కూలెంట్ నీళ్ళ సీసాల్లో, షర్బతు సీసాల్లో పోసి ఇంట్లో పెట్టవద్దు. రంగు చూసి పిల్లలు తాగుతారు. వీధిలో పారబోస్తే మేకలు, కుక్కలు నాకుతాయి. పొరపాటున పిల్లలు తాగితే, బాగానే ఉన్నట్టు కనబడినా, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి, సీసా కూడా వెంట తీసుకుపోవాలి.

నమ్మకం అనే మూలధనం

చివరగా ఒక మాట. ప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, చెయ్యి లోపలికి పెట్టి చూడగా తడి తగిలిన సంగతి మనం ఎన్నోసార్లు విన్నాము. వర్షానికి తడిసిందని అమ్మేవాడు చెప్పగా, కొనేవారికి కనబడేట్టు దానిని పైనే ఎందుకు పెట్టలేదని మందలించారు. పాత బండి అమ్మేటప్పుడు కొనేవాడు రాకముందే ఇంజన్ వేడిచేసి ఉంచటం, చిల్లు మూసే మందు పోసి రెండు రోజులు గడపటం ఆ తడి ధాన్యం దాచటం కాక మరేమిటి? కొనేవారు కూడా మొహమాటపడవద్దు. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే "రేపు ఉదయం వస్తాము, అప్పటిదాకా స్టార్టు చేయకండి" అని చెప్పి వచ్చేయండి.

మెకానిక్ సోదరులకు మా విన్నపం: ఏ పరీక్ష చేశారో, దానిలో ఏమి కనబడిందో ఓనరుకు చూపి, ఖర్చు ముందే చెప్పి, అప్పుడు పానా పట్టండి. మార్చిన పాత సామాను అడగకుండానే చేతికివ్వండి. ఓనర్లకు కూడా ఒక మాట. పరీక్ష చేసినందుకు కూలి ఇవ్వటానికి వెనకాడవద్దు. "ఏమీ విప్పలేదుగా, డబ్బెందుకు?" అంటే మెకానిక్ ఈసారి విప్పి తీసుకుంటాడు. విప్పకుండా నిజం చెప్పినవాడికి ఇచ్చిన కూలి దండగ కాదు.

సంఘం పెద్దలకు ఒక ప్రతిపాదన సమర్పిస్తున్నాము. ఒక కూలింగు ప్రెషర్ టెస్టర్, ఒక కంప్రెషన్ గేజ్, ఒక టార్క్ రెంచి, ఒక రసాయన పరీక్ష పెట్టె కొని సంఘం ఆఫీసులో ఉంచితే, చిన్న షెడ్లవారు వంతుల ప్రకారం తీసుకుపోయి, పుస్తకంలో సంతకం చేసి, తిరిగి అప్పగిస్తారు. ఒక్కొక్కరూ కొనలేనిది అందరం కలిసి కొనగలము. అలాగే షెడ్లలో ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలను పదవ తరగతి మధ్యలో ఆపించవద్దు. పది పాసయితే ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ కోర్సు ఒక సంవత్సరం, మోటార్ వెహికల్ మెకానిక్ కోర్సు రెండు సంవత్సరాలు. చేతిపనికి ఆ సర్టిఫికెట్ తోడయితే ఆ పిల్లవాడి దారి విశాలమవుతుంది.

 ప్రసంగం మరచిపోయినా ఫరవాలేదు, రెండు మాటలు గుర్తుంచుకోండి. రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోయకండి. పరీక్ష లేకుండా హెడ్ దించనివ్వకండి. అల్లాహ్ మనందరి కష్టార్జితంలో బర్కత్ ప్రసాదించుగాక, దారిలో ఉన్న మన డ్రైవర్లందరినీ క్షేమంగా ఇండ్లకు చేర్చుగాక. ఆమీన్. వస్సలాం.